అన్నీ ‘లో’లో పెట్టినా గేము కుదుపుతోందా? గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు ఇది చదవండి

చీపురుపల్లి నుంచి డిగ్రీ విద్యార్థి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఆయన కంప్యూటర్‌లో ఐ3-10100ఎఫ్ ప్రాసెసర్, 4 జీబీ జీటీఎక్స్ 1650 కార్డు, ఒకే స్టిక్‌గా 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. విండోస్ చిన్న ఎస్‌ఎస్‌డీలో (హార్డ్ డిస్కు కంటే చాలా వేగంగా చదివే డిస్కు) ఉంది, గేములన్నీ పాత హార్డ్ డిస్కులో ఉన్నాయి. మానిటర్ 1080పీ, 60 హెర్ట్జ్. జీటీఏ ఫైవ్ పాత ఎడిషన్‌లో సెకనుకు 70, 80 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) చూపిస్తున్నా కారు వేగంగా నడిపితే ఆట ఆగి ఆగి కదులుతోంది. సైబర్‌పంక్ 2077 అసలు ఆడలేకపోతున్నారు. సెట్టింగులన్నీ ‘లో’కి దించినా తేడా రాలేదట. ‘నాన్నగారిని అడిగి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనిపించుకోవాలా, లేక నాకు తెలియని సెట్టింగు ఏదైనా ఉందా?’ అని అడిగారు.

కార్డు ఇప్పుడు కొనకండి. ముందు మరో 8 జీబీ ర్యామ్ స్టిక్ వేయండి, గేములను ఎస్‌ఎస్‌డీలోకి మార్చండి, ఫ్రేములను 60 దగ్గర కట్టేయండి. ఆ తర్వాత సెట్టింగుల్లో నాలుగైదింటిని మాత్రమే దించండి. మిగతావాటిని ‘లో’లో ఉంచనక్కర్లేదు, కొన్నింటిని పైకి తీసుకురావచ్చు కూడా. జీటీఏ ఫైవ్‌కు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. సైబర్‌పంక్ సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

విజయనగరంలో కంప్యూటర్లు బిగించి, బాగుచేసే చిన్న దుకాణం నాది. 14 ఏళ్లుగా ఇదే పని, అంతకుముందు నెట్ సెంటర్ నడిపాను. కార్డు కొనవద్దని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. ‘అన్నీ దించినా తేడా రాలేదు’ అన్నారు కదా, అదే అసలు ఆధారం.

తెర మీద కనిపించే ప్రతి ఫ్రేముకూ ఇద్దరు పనిచేస్తారు. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏ కారు ఎటు తిరిగింది, ఏ గోడ కంటికి కనబడుతుంది అని తేల్చేది ప్రాసెసర్. తేల్చినదానికి రంగు, వెలుగు, నీడ వేసేది గ్రాఫిక్స్ కార్డు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు ఇద్దరికీ ఉన్న గడువు 16.7 మిల్లీసెకన్లు. ఒకరు ఆలస్యం చేస్తే రెండోవారు చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. ‘లో’కి దించినప్పుడు ప్రధానంగా తేలికయ్యేది కార్డు పని. ఆ బరువు దించినా ఆట మారలేదంటే ఆలస్యం మరెక్కడో జరుగుతోంది.

నా మాట నమ్మాల్సిన పని లేదు, మీరే తేల్చుకోవచ్చు. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఏ కంపెనీ కార్డుతోనైనా పనిచేస్తుంది. దానితో ఆట నడుస్తుండగానే తెర మూలన అంకెలు చూడవచ్చు. కార్డు వాడకం, వీడియో మెమరీ (కార్డు సొంత మెమరీ), ర్యామ్, కార్డు, ప్రాసెసర్‌ల ఉష్ణోగ్రతలు, ప్రాసెసర్‌లో ఒక్కో థ్రెడ్ (పని నడిచే దారి) వాడకం విడివిడిగా పెట్టుకోండి. విడివిడిగా అని ఎందుకంటున్నానంటే, మీ ప్రాసెసర్‌కు 4 కోర్లు, 8 థ్రెడ్లు. ఒక థ్రెడ్ నూటికి నూరు శాతం నలిగిపోతున్నా మొత్తం లెక్కలో అది 12.5 శాతమే. ‘ప్రాసెసర్ సగం ఖాళీగానే ఉంది కదా’ అని చాలామంది మోసపోయేది ఇక్కడే.

తర్వాత రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి దించి, అదే వీధిలో, అదే దారిలో మళ్లీ నడపండి. గీయవలసిన చుక్కలు 20,73,600 నుంచి 9,21,600కి పడిపోతాయి, అంటే సగం కంటే తక్కువ. ఫ్రేములు బాగా పెరిగితే భారం కార్డుది. అంకె కదలకపోతే ప్రాసెసర్ వైపు చూడాలి, లేదా ర్యామ్, డిస్కు. ఈ పరీక్ష చేసేటప్పుడు వీ-సింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి జతచేసే సెట్టింగు), ఫ్రేముల పరిమితి రెండూ తీసేయండి. అవి ఉంటే కార్డు కావాలనే ఖాళీగా కూర్చుంటుంది, మీకు తప్పుడు లెక్క వస్తుంది. జీటీఏ ఫైవ్‌లోనూ సైబర్‌పంక్‌లోనూ బెంచ్‌మార్క్ (వేగం కొలిచే పరీక్ష) లోపలే ఉంది కాబట్టి ప్రతిసారీ ఒకే దృశ్యం మీద కొలవవచ్చు. డ్రైవర్ మార్చిన వెంటనే మొదటిసారి వచ్చిన అంకెను లెక్కలోకి తీసుకోవద్దు. షేడర్లు (రంగు, వెలుగు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు) కొత్తగా తయారవుతున్నప్పుడు కొద్దిసేపు కుదుపులు సహజం.

ఇక 80 ఫ్రేములు చూపిస్తూ కూడా ఎందుకు కుదుపుతోందన్నది. సగటు అంకె ఇక్కడ పనికిరాదు. ఒక సెకనులో 58 ఫ్రేములు ఒక్కోటి 12 మిల్లీసెకన్లలో వచ్చి, రెండు ఫ్రేములు మాత్రం 150 చొప్పున తీసుకున్నాయనుకోండి. మొత్తం 996 మిల్లీసెకన్లు. మూలన అంకె హాయిగా 60 చూపిస్తుంది, మీ కారు మాత్రం రెండుసార్లు ఆగి గెంతుతుంది. మా ఊరి సంగీత కళాశాల 1919 నుంచి ఉంది. అక్కడ మృదంగం నేర్చుకున్న మిత్రుడొకరు అప్పుడప్పుడు దుకాణానికి వచ్చి కూర్చుంటారు. ఫ్రేముల సంగతి ఆయనకు చెబితే, ‘నిమిషానికి ఎన్ని దెబ్బలని ఎవరు లెక్కపెడతారండీ, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం సమంగా ఉందా అని చూస్తారు’ అన్నారు. నేను అరగంట చెప్పేది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు. అందుకే ఆఫ్టర్‌బర్నర్‌లో ఫ్రేమ్ టైమ్ అనే గీత కూడా పెట్టుకోండి. గీత చదునుగా ఉంటే ఆట సాఫీగా ఉన్నట్టు. ముళ్లలా పైకి లేస్తుంటే, ఆ ముల్లు లేచిన క్షణంలో ఏ అంకె మారిందో చూడండి.

మీ కంప్యూటర్‌లో ఆ ముళ్లు ర్యామ్, డిస్కుల దగ్గర లేస్తున్నాయని నా అంచనా. వేగంగా కారు నడిపినప్పుడే ఆగుతోందని రాశారు. నిలబడి ఉంటే ఆగటం లేదు. అంటే కొత్త వీధులు, కొత్త భవనాలు డిస్కు నుంచి అందే లోపే మీరు అక్కడికి చేరిపోతున్నారు. విండోస్, బ్రౌజర్, గేము కలిసి 8 జీబీ నిండిపోగానే మిగిలినది డిస్కు మీదకు దిగుతుంది. మీ ర్యామ్ ఒక్కటే స్టిక్ కాబట్టి రెండు దారుల్లో ఒకటి మూసి ఉన్నట్టే. రెండో స్టిక్ వేస్తే చోటు రెట్టింపు, దారి కూడా రెట్టింపు.

ఈ విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట బొబ్బిలి నుంచి ఒకాయన మీలాంటి యంత్రమే తెచ్చారు. లక్షణాలు కూడా ఇవే. నేను మూత తీసి చూడకుండా, అంకెలు కొలవకుండా, పెద్ద కార్డు అమ్మాను. వారానికి తిరిగి వచ్చారు. బొమ్మ అందంగా ఉంది, కుదుపు అలాగే ఉంది. అప్పుడు తెరిచి చూస్తే ఒకే ర్యామ్ స్టిక్. ఇంకొకటి వేయగానే సర్దుకుంది. కార్డు వెనక్కి తీసుకుని, వాడిన కార్డు ధరకే మరొకరికి అమ్ముకున్నాను. ఆ నష్టం నాదే, ఆ రోజు నుంచి కొలవకుండా ఏమీ అమ్మటం లేదు.

సరే, ఇప్పుడు సెట్టింగులు.

టెక్స్‌చర్లు: అందరూ మొదట దించేది దీన్నే, నన్నడిగితే ఆఖరున దించవలసింది ఇది. గోడలు, రోడ్డు, బట్టల మీది నమూనాలు వీడియో మెమరీలో పట్టినంతవరకు వీటివల్ల వేగానికి దాదాపు నష్టం ఉండదు. పట్టకపోతే మాత్రం మధ్యస్థం లేదు, ఒక్కసారిగా కుదుపులు మొదలవుతాయి. పొంగినదంతా ర్యామ్‌లోకి పోయి అక్కడినుంచి రావాలి. మీ విషయంలో ర్యామ్ కూడా నిండిపోయి ఉంది. జీటీఏ ఫైవ్ మెనూలో వీడియో మెమరీ ఎంత నిండిందో పైన పట్టీలా చూపిస్తుంది. అది 4 జీబీకి కాస్త లోపలే ఉండేలా చూసుకుని, ఆ హద్దులో ఎంత పైకి వెళితే అంత పెట్టుకోండి.

నీడలు: ఇవి ఇద్దరినీ బాధపెడతాయి. నీడ వేయాలంటే దీపం వైపు నుంచి దృశ్యాన్ని మరోసారి గీయాలి. ‘అల్ట్రా’ నుంచి ‘మీడియం’కి దించండి. ఆడేటప్పుడు చెట్టు నీడ అంచు మెత్తగా ఉందా లేదా అని ఎవరూ చూడరు, నేనైతే చూడలేదు. ‘లో’ దాకా దించితే మాత్రం నీడలు గళ్లుగళ్లుగా పాకుతూ కంటికి విసుగు పుట్టిస్తాయి.

పొగమంచు, మబ్బులు, వాటిలోంచి దూసుకొచ్చే వెలుగు, అంటే మెనూలో వాల్యూమెట్రిక్ అని ఉండేవన్నీ కార్డుకు పెద్ద బరువు. నిర్మొహమాటంగా ‘లో’ చేయండి. ప్రతిబింబాలు ఒక మెట్టు దించండి. బొమ్మ అంచులను నునుపుచేసే ఎంఎస్‌ఏఏ ఉంటే తీసేసి, అదే పని తేలిగ్గా చేసే ఎఫ్‌ఎక్స్‌ఏఏతో సరిపెట్టుకోండి. రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారిని లెక్కగట్టి గీయడం) గురించి ఈ కార్డుతో ఆలోచించనే వద్దు. మోషన్ బ్లర్ (కదిలేవి అలుక్కుపోయినట్టు చూపించడం) నేను ప్రతి కంప్యూటర్‌లోనూ ఆపేస్తాను. వేగం కోసం కాదు, అది పెట్టుకుని ఆడేవాళ్లు ఏమి చూస్తున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్‌ను మాత్రం భయపడకుండా 16కి పెంచండి. ఇలాంటి కార్డు మీద దాని ఖర్చు స్వల్పం, రోడ్డు దూరంలో కూడా అలుక్కుపోకుండా కనిపిస్తుంది.

జీటీఏ ఫైవ్‌లో గ్రాస్ క్వాలిటీ, అంటే గడ్డి సెట్టింగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నగరంలో దాని ఊసే తెలియదు. ఊరు దాటి కొండల్లోకి, పొలాల్లోకి వెళ్లగానే ఫ్రేములు పడిపోతాయి. నగరంలో బాగుంది, బయట బాగాలేదు అంటే ముందు దీన్ని ‘నార్మల్’ చేయండి.

ప్రాసెసర్ మీద పడే సెట్టింగులు వేరు. జనసాంద్రత, వాహనాల రద్దీ, ఎంత దూరం వరకు వస్తువులు కనిపించాలి అనేవి అవి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల కూడలిలో నిలబడ్డ ట్రాఫిక్ పోలీసును ఊహించుకోండి. వచ్చిన జనం ఏ రంగు చీర కట్టారన్నది ఆయన సమస్య కాదు, ఎంతమంది వచ్చారు, ఎటు కదులుతున్నారన్నదే సమస్య. ప్రాసెసర్ పరిస్థితీ అంతే. జీటీఏలో పాపులేషన్ డెన్సిటీని సగానికి, ఎక్స్‌టెండెడ్ డిస్టెన్స్ స్కేలింగ్‌ను సున్నాకు దించండి. సైబర్‌పంక్‌లో క్రౌడ్ డెన్సిటీ గ్రాఫిక్స్ పేజీలో ఉండదు, గేమ్‌ప్లే పేజీలో ఉంటుంది. చాలామంది వెతికి వెతికి లేదనుకుంటారు.

ఇంకొక మాట. 720పీ పరీక్షలో భారం ప్రాసెసర్‌దని తేలితే, కార్డుకు సంబంధించిన సెట్టింగులను దించి సాధించేది ఏమీ లేదు. ఖాళీగా కూర్చున్నవాడి పని ఇంకా తగ్గించినట్టే అవుతుంది. అలాంటప్పుడు వాటిని పైకి పెంచుకోండి, వేగం తగ్గదు, బొమ్మ మాత్రం బాగుంటుంది. దుకాణంలో ఇది చేసి చూపించినప్పుడు పిల్లలు నన్ను మాంత్రికుణ్ణి చూసినట్టు చూస్తారు.

ఫ్రేముల పరిమితి ఎందుకంటున్నానంటే, మీ మానిటర్ సెకనుకు 60 సార్లే మారుతుంది. 80 గీసినా మీకు అదనంగా దక్కేది కొంచెమే, వేడి మాత్రం తప్పదు. గేము మెనూలో పరిమితి లేకపోతే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ దగ్గర 60 అని ఇవ్వండి. వీ-సింక్ వల్ల బొమ్మ అడ్డంగా చీలినట్టు కనిపించడం ఆగుతుంది కానీ, 60 అందుకోలేని చోట కొన్ని గేములు ఒక్కసారిగా 30కి పడిపోతాయి. కాబట్టి ముందు పరిమితితో చూసి, చీలిక మరీ కనిపిస్తేనే వీ-సింక్ పెట్టండి.

సైబర్‌పంక్ విషయంలో మిమ్మల్ని ఊరించలేను. 2023లో 2.0 అప్‌డేట్ నాటికి దాని కనీస అవసరాలను పెంచారు. ఇప్పుడవి ఐ7-6700, 12 జీబీ ర్యామ్, 6 జీబీ జీటీఎక్స్ 1060, ఎస్‌ఎస్‌డీ. మీ ప్రాసెసర్ కూడా ఆ ఐ7లా 4 కోర్లు, 8 థ్రెడ్లదే, కాబట్టి అక్కడ చిక్కు లేదు. మిగతా మూడింటిలోనూ మీరు గీతకు కింద ఉన్నారు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ సర్దుకున్నాక రెండు గీత దాటుతాయి, కార్డు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు ఎఫ్‌ఎస్‌ఆర్ వాడండి. ఇలాంటిదే అయిన డీఎల్‌ఎస్‌ఎస్ కావాలంటే ఆర్‌టీఎక్స్ కార్డు ఉండాలి, ఎఫ్‌ఎస్‌ఆర్‌కు ఆ షరతు లేదు. తక్కువ చుక్కలతో గీసి పెద్దది చేసి చూపించే పద్ధతి అది. 1080పీలో ‘క్వాలిటీ’ పెడితే లోపల గీసేది 1280×720. ‘పెర్ఫార్మెన్స్’ పెడితే 960×540కి పడిపోతుంది, అప్పుడు దూరంలోని మనుషులు తడిసిన బొమ్మల్లా ఉంటారు. నేనైతే ‘క్వాలిటీ’ దగ్గరే ఆగి, టెక్స్‌చర్లు ‘మీడియం’ చేసి, జనసాంద్రత ‘లో’ చేసి, ఫ్రేములను 30కి కట్టేసి ఆడతాను. 38కీ 52కీ మధ్య ఊగే ఆట కంటే, తాళం తప్పని 30 మేలు. ఇది నా కంటి మాట, మీ కన్ను ఒప్పుకోకపోవచ్చు.

వేడి గురించి చెప్పకపోతే ఈ జిల్లాల్లో సమాధానం పూర్తి కాదు. మీ ప్రాసెసర్ 100 డిగ్రీలకు చేరితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఏ సెట్టింగూ దాన్ని ఆపలేదు. వేసవిలో గది ఉక్కపోతకు తోడు, కంప్యూటర్ టేబుల్‌లో సీపీయూ డబ్బా కోసం ఇచ్చే ఆ చెక్క అర ఒకటి. ముందు తలుపు, వెనక చెక్క, గాలి ఆడే దారి లేదు. దయచేసి బయటకు తీయండి. రాజాం దగ్గర రైస్ మిల్లు ఆఫీసులోని కంప్యూటర్ ఒకటి మా దగ్గరికి వచ్చింది. పగలు లెక్కలు, రాత్రి యజమాని గారి అబ్బాయి ఆటలు. పది నిమిషాలు బాగా నడిచి తర్వాత నత్తలా మారుతుందని చెప్పారు. మూత తీస్తే కూలర్ రెక్కల మధ్య తవుడు దుమ్ము, చెమ్మకు ముద్దకట్టి అట్టలా ఉంది. శుభ్రం చేసి, ఎండిపోయిన థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చేది) తుడిచి కొత్తది రాశాం, అంతే. మొదట బాగుండి, కాసేపటికి నెమ్మదించే ఆట చాలాసార్లు వేడి సమస్యే. మొదటి నిమిషం నుంచే కుదిపేది వేరు.

సెట్టింగుల జోలికి పోకముందే చూడవలసినవి మరికొన్ని ఉన్నాయి. మీకు వర్తించకపోయినా ఇది చదివే మరొకరికి పనికొస్తాయి. నెల్లిమర్ల నుంచి ఒక తండ్రీకొడుకులు వచ్చారు, కొత్త కార్డు కొన్నా ఆట మారలేదని. వెనక్కి తిప్పి చూస్తే మానిటర్ తీగ కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు పెట్టి ఉంది. ఆ తీగ మార్చినందుకు నేను డబ్బు తీసుకోలేదు, ఆ అబ్బాయి మాత్రం ఇంటికి వెళ్లేదాకా తండ్రి ముఖం చూడలేకపోయి ఉంటాడు. (మీ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంది, అంటే లోపల గ్రాఫిక్స్ లేదు. మీరు అలా పెడితే తెర నల్లగానే ఉంటుంది, ఆ పొరపాటు చేయలేరు.) శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక ల్యాప్‌టాప్ ‘రోజూ సాయంత్రమే నెమ్మదిస్తోంది’. వైరస్ అని వాళ్ల అనుమానం. అడగ్గా అడగ్గా తేలిందేమిటంటే, వాళ్ల వీధిలో ఆ వేళకు కరెంటు పోతుంది, ఆ గదిలో ప్లగ్గుకు ఇన్వర్టర్ లైను లేదు. ఛార్జర్‌కు కరెంటు అందకపోతే గేమింగ్ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద పూర్తి బలంతో నడవదు. 144 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్‌లో 60 దగ్గరే వదిలేసినవాళ్లూ చాలామందే.

గేమ్ బూస్టర్లు, ర్యామ్ క్లీనర్లు వేయకండి. అవి ర్యామ్‌లోంచి తీసేసినదాన్ని గేము మళ్లీ డిస్కు నుంచి తెచ్చుకోవాలి, అంటే మీకున్న జబ్బునే పెంచుతాయి. ఆట మొదలుపెట్టే ముందు బ్రౌజర్ మూసేయడం వాటన్నింటికంటే నయం. దొంగ కాపీ గేములతో కూడా జాగ్రత్త. ఏ ఆటా నడవనప్పుడు కూడా కార్డు 100 శాతం చూపిస్తున్న కంప్యూటర్ ఒకటి నా దగ్గరికి వచ్చింది. ఉచితంగా దించుకున్న గేముతో పాటు ఎవరికో క్రిప్టో నాణేలు తవ్విపెట్టే ప్రోగ్రామ్ కూడా దిగింది. కరెంటు బిల్లు వీళ్లది, నాణేలు వాళ్లవి.

ర్యామ్ కొనేటప్పుడు పాత స్టిక్ మీది లేబుల్ ఫోటో తీసి వెంట తీసుకెళ్లండి. డీడీఆర్4 అయి ఉండాలి, వేగం కూడా అదే అయితే మంచిది. మీ ప్రాసెసర్ 2666 వరకే అధికారికంగా నడుపుతుంది కాబట్టి దుకాణదారు 3600 అంటగట్టబోతే ఆ అదనపు డబ్బు ఇవ్వకండి. మదర్‌బోర్డుకు నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడటం సాధారణ పద్ధతి, మాన్యువల్ చూసి ఖాయం చేసుకోండి. బిగించాక టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి, 16 జీబీ చూపిస్తోందా, వాడుతున్న స్లాట్లు రెండని ఉందా చూడండి. ఎస్‌ఎస్‌డీలో చోటు చాలకపోతే రెండు గేముల్లో రోజూ ఆడేదాన్ని ముందు మార్చండి. జీటీఏ బెంచ్‌మార్క్‌ను ఇప్పుడొకసారి, ర్యామ్ వేశాక ఒకసారి, గేము మార్చాక ఒకసారి నడిపి మూడు ఫ్రేమ్ టైమ్ గీతలనూ ఇక్కడ పెట్టండి. ముళ్లు ఇంకా మిగిలి ఉంటే అప్పుడు కార్డు గురించి మాట్లాడదాం.